నిండు నీలం

అండాలమ్మ నోట్లో మూడు వేళ్ళు పట్టడం మానేసి రెండు నెలలైంది. ఆపరేషన్ అయిన కొత్తలో పట్టేవి. రోజూ పళ్ళు తోముకున్నాక మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి నోట్లో నిలువుగా పెట్టి చూసుకోమనీ, మూడూ పడితే దవడ సుఖంగా ఉన్నట్టేననీ డాక్టరమ్మ చెప్పి పంపింది. శివరాత్రికి మూడో వేలు ఇరుకైంది. ఉగాదికి రెండే పట్టాయి. ఆ పైన పకోడీ కొరకడం పోయింది, నిండా ఆవులించడం పోయింది, గట్టిగా నవ్వితే ఎడమ చెవి పక్కన టక్కుమని చప్పుడు మొదలైంది. ఒక్క వేలికి వస్తే మళ్ళీ కోసి తెరవక తప్పదనీ, రెండోసారి తెరిస్తే నోరు ఎంతవరకు తిరిగొస్తుందో తాను చెప్పలేననీ డాక్టరమ్మ దాచకుండా చెప్పేసింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అండాలమ్మ నోరు మంచిదో కాదో ఆమె మొగుడు మొగిలిచారినే అడగాలి గానీ, పెద్దదన్న సంగతి మాత్రం బాలానగర్ దారిలో తిరిగే వాళ్ళందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సులో కండక్టరు. వెనక మెట్టు మీద నిలబడి "జరుగుండ్రి, సర్దుకోండ్రి" అని ఒక్క కేక వేసిందంటే ముందు సీట్లో కునుకు తీసేవాడు కూడా కళ్ళు తెరవకుండానే జరిగేవాడు. ఆ కేక ఇప్పుడు రెండో సీటు దాటడం లేదు.

కిందటి కార్తీకంలో ఆమె ఎడమ దవడలో గడ్డ ఉందని తేలింది. గడ్డతో పాటు చుబుకం దగ్గర్నుంచి చెవి కిందిదాకా ఎముక తీసేసి, అదే ఆకారంలో కోసిన టైటానియం ముక్కను పెట్టారు. ఆ ఆకారం కోతకు లొంగుతుందని తేల్చింది కూతురు వకుళ రాసిన ప్రోగ్రాం. కోసింది తండ్రీ కూతుళ్ళిద్దరూ పనిచేసే, లోహపు అచ్చులు చేసే కిషన్‌రావు టూల్‌రూమ్‌లో. కోసినదాన్ని తనిఖీ చేసి సంతకం పెట్టింది మొగిలిచారి. నా దవడ బయట కొన్నది కాదు, ఇంట్లో చేసిందే అని అండాలమ్మ ప్రయాణికులకు చెప్పుకునేది. వింటే వకుళకు ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు తల్లి అద్దం ముందు నిలబడి మూడో వేలిని తోసి తోసి చూసుకుంటుంటే వకుళకు అన్నం సయించడం లేదు.

ఆ ప్రోగ్రాం పేరు నీడ. మూడేళ్ళ కిందట కిషన్‌రావు దగ్గరికి మిక్సీ జార్లకూ హెల్మెట్లకూ అచ్చుల పనులు వచ్చేవి. వంపులు ఎక్కువున్న ఆకారం వస్తే అది కోయడం అయ్యే పనో కాదో తేల్చడానికి వారం పట్టేది. ఒక్కోసారి తేల్చకుండానే మొదలుపెట్టేవారు. సగం కోశాక కోసే టూల్ ఏదో ఒక మూలకు చేరలేక, ఉక్కు దిమ్మె కాస్తా పాత ఇనుములోకి పోయేది. అలా ఒక దిమ్మె పోయిన మధ్యాహ్నం వకుళ తినేసిన డబ్బా పక్కకు జరిపి, స్టీలు చెంబును బల్ల మీద పెట్టి, ఫోను టార్చి వెలిగించి దాని చుట్టూ తిప్పింది. వెలుగు పడ్డచోటికి టూల్ పోతుందనీ, నీడ పడ్డచోటికి పోదనీ, ఎన్ని దిక్కుల నుంచి వెలుగు వేసినా నీడ వదలని జాగా ఉంటే ఆ ఆకారాన్ని కోయలేమనీ కిషన్‌రావుకు చెప్పింది. ఆయన చెంబు వైపూ ఆ పిల్ల వైపూ మార్చి మార్చి చూశాడు.

వెలుగునీడల లెక్కలకే పుట్టిన చిప్పులు వీడియో గేములాడే కంప్యూటర్లలో ఉంటాయి. కన్ను మూసి తెరిచేలోగా కొన్ని వేల దిక్కుల నుంచి చూసి రాగలవు. దిల్‌సుఖ్‌నగర్‌లో మూతపడ్డ ఒక గేమింగ్ సెంటర్ నుంచి అలాంటి గ్రాఫిక్స్ కార్డులు ఎనిమిది తెచ్చారు. వాటి మీద అతికించి ఉన్న డ్రాగన్ బొమ్మలను మొగిలిచారి పీకనివ్వలేదు. ఆ దసరాకు లేత్‌కీ మిల్లింగ్ మెషిన్‌కీ పెట్టినట్టే వాటికీ పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టాడు. నీడ చెప్పే జవాబులు రెండే. ఆకారమంతా పచ్చగా వెలిగితే కోయవచ్చు, ఎక్కడైనా ఎరుపు మిగిలితే కుదరదు. వారం రోజుల తర్జనభర్జన టీ చల్లారేలోగా ముగిసిపోయేది.

ఎరుపు వస్తే ఏం చేయాలన్నదానికి కూడా వకుళ ఒక దారి పెట్టింది. దగ్గరి రూపం అని ఒక మీట. అది నొక్కితే నీడ తానే ఆకారాన్ని అక్కడ కాస్త ఇక్కడ కాస్త నొక్కి, కోతకు లొంగే దగ్గరి ఆకారంగా మార్చి పచ్చగా చూపిస్తుంది. మిక్సీ జారు మెడ రెండు మిల్లీమీటర్లు మారితే పచ్చడికి తెలియదు కదా. ఇంకా త్వరగా కావాలని కిషన్‌రావు తొందరపెడితే, ప్రతిసారీ మొదటి నుంచి వెతక్కుండా కిందటిసారి పచ్చగా వచ్చిన ఆకారం వైపు జరుగుతూ వెతికేలా మార్చిందీ ఆమే.

తర్వాత ఆసుపత్రి పని వచ్చింది. దవడలు పోయినవాళ్ళకు దవడలు. స్కాన్ పొద్దున వస్తే సాయంత్రానికి గట్టి దిమ్మెలోంచి కోసిన దవడ తయారు. అంతకుముందు నెలల తరబడి ముఖానికి కట్లతో తిరిగిన మనుషులు వారంలో ఇంటికి పోతుంటే వకుళకు తన చదువు సార్థకమైందనిపించింది. అయితే మూడింట ఒకటి ఎరుపు వచ్చేది. ఎరుపు వస్తే రోగి కాలి ఎముక తీసి దవడగా అతికించాలి. అది పెద్ద ఆపరేషన్, ఆ కాలు మీద మునుపటిలా నిలబడటం కష్టం. అయినా సరే, మనుషుల దవడలకు దగ్గరి రూపం మీట ముట్టుకోవద్దని వకుళ కాగితం మీద రాసి కంప్యూటర్ పైన అంటించింది. కిషన్‌రావు చదివి తలూపాడు. కిందటి దసరా తర్వాత ఎరుపులు మొత్తానికే పోయాయి. అప్పుడే సన్నటి పొడుగు టూళ్ళు తెప్పించి ఉంది కాబట్టి, అదంతా తన తెలివే అనుకుంది. మెప్పు తనకే వస్తుంటే ఎవరు ఆరా తీస్తారు?

మే నెల మొదటి మంగళవారం ఆసుపత్రిలో పాత రోగులను పరీక్ష చేసే రోజు. ఎప్పుడూ అండాలమ్మ ఒక్కతే వెళ్ళొచ్చేది, ఈసారి వకుళ తోడు వెళ్ళింది. పై అంతస్తు హాల్లో ముప్పై, నలభై మంది కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. జహీరాబాద్ లారీ డ్రైవరు ఒకడు, చున్నీ సగం ముఖానికి కప్పుకున్న ఇంటర్ పిల్ల, రిటైరైన లెక్కల మాస్టారు, ఇంకా ఎందరో. వకుళ తల్లిని కూర్చోబెట్టి నీళ్ళు తేవడానికి పోయి, గుమ్మంలోంచి తిరిగి చూసి అక్కడే నిలబడిపోయింది.

అందరిదీ ఒకటే చుబుకం. నల్లవాడిది, తెల్లవాడిది, ముసలాయనది, చిన్నపిల్లది. ఎడమ పక్క కొద్దిగా చదునై, కింద చిన్న నొక్కుతో, చెవి వైపు ఒకే తీరుగా లేచిన దవడ. ఫ్యాను కింద వరసగా కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుంటే, అందరి నోళ్ళూ ఎడమకే వంకర పోతున్నాయి. అండాలమ్మ అప్పటికే లారీ డ్రైవరుతో వరస కలిపేసింది. మనమంతా ఒక్క కడుపున పుట్టినట్టున్నాం తమ్ముడూ అని ఆమె అంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నవ్వీ నవ్వకముందే నలుగురైదుగురు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. వకుళ చేతిలో సీసా జారి మెట్ల మీద దొర్లింది.

డాక్టరమ్మను అడిగితే ఆవిడ తనకూ అనుమానంగానే ఉందంది. ముక్క బిగించేటప్పుడు ఎముక చివర్లు గీకి సర్దాల్సి వస్తోందనీ, రెండుసార్లు టూల్‌రూమ్‌కు రాసి అడిగాననీ, రెండుసార్లూ మొగిలిచారి సంతకంతో తనిఖీ కాగితాలు పంపారనీ, వాటిల్లో ఒక్క వెంట్రుకవాసి తేడా కూడా లేదనీ చెప్పింది. ఆ కాగితాలు చూశాక ఇంకేం అడగను, అంది.

వకుళ తల్లిని ఇంటి దగ్గర దింపి నేరుగా టూల్‌రూమ్‌కు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన అసలు స్కాన్‌లు ఒక పక్క, మెషిన్‌కు పోయిన ఆకారాలు ఒక పక్క తెరిచి ఒకదానిలో ఒకటి పెట్టి చూసింది. కలవలేదు. దసరా తర్వాత వచ్చిన నూట నలభై మూడు దవడల్లో ఒక్కటీ కలవలేదు. దగ్గరి రూపం మీట దసరా అయిన నాలుగో రోజున నొక్కి, మళ్ళీ తీయలేదు. మొదటి పది దవడలు ఒక మిల్లీమీటరు పక్కకు పోయాయి. ఆ తర్వాత ప్రతి దవడా తన ముందుదాని వైపు కొంచెం జరిగింది. జరిగి జరిగి నెల తిరిగేసరికి అన్నీ ఒక్క ఆకారమైపోయాయి. అలా జరగమనే ప్రోగ్రాం వరస తను రాసిందే. తల్లి స్కాన్ తెరిచి, మీట తీసేసి, నీడను మళ్ళీ అడిగింది. చెవి కింద మెలిక దగ్గర ఎర్రగా వెలిగింది. అసలు జవాబు మొదటి నుంచీ కుదరదనే.

కిషన్‌రావు దబాయించలేదు. అదే ఆమెకు ఇంకా మండింది. కుర్చీ చూపించి, కూర్చోమని, మెల్లగా చెప్పాడు. ఎరుపులు అలాగే వస్తుంటే ఆసుపత్రి వేరే చోటు చూసుకునేది, ఈ కంప్యూటర్ డబ్బాలు మూలన పడేవి అన్నాడు. నువ్వు రాసిన మీటే కదా నేను నొక్కింది అని కూడా అన్నాడు. ఆయన నుంచి అంతకు మించి ఆమె ఆశించిందీ లేదు. మరి తనిఖీలో ఎందుకు పట్టుబడలేదని అడిగింది.

"మీ నాయిన్ని అడుగు," అన్నాడు కిషన్‌రావు, కళ్ళు తిప్పుకుని.

తనిఖీ పద్ధతి వకుళకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దవడ ఆకారానికి సరిపోయే ప్లాస్టిక్ గూడు ఒకటి అచ్చు వేసి, లోపల చిక్కటి నీలం రంగు పల్చగా పూసి, కోసిన లోహాన్ని అందులో ఆనించి తీస్తారు. ఆనినచోట నీలం అంటుతుంది, ఆననిచోట లోహం తెల్లగా ఉంటుంది. మొగిలిచారి కుడి బొటనవేలు ముప్పై ఏళ్ళుగా నీలంగానే ఉంది. గూడును అసలు స్కాన్ నుంచి వేయాలి. కానీ మీట నొక్కి ఉన్నప్పుడు నీడ పాత ఆకారం మీద కొత్త ఆకారాన్ని రాసేస్తుంది కాబట్టి, గూడు కూడా మారిన ఆకారం నుంచే వచ్చింది. దొంగతనం చేసినవాడినే పిలిచి సాక్ష్యం అడిగినట్టయింది.

తనిఖీ ఫైళ్ళు తీసి ఫోటోలు చూసింది. నూట నలభై మూడింటిలోనూ నీలం నిండుగా, అంచు నుంచి అంచుదాకా అంటింది. ఆమె పదేళ్ళ పిల్లగా షాపులో స్టూలు మీద కూర్చున్నప్పుడు తండ్రి నేర్పిన మొదటి పాఠమే అది. చేత్తో చేసినా మెషిన్ చేసినా ఎక్కడో ఒక చోట నీలం వదిలేస్తుందనీ, నిండుగా అంటిందంటే నువ్వు ఎక్కువైనా నొక్కి ఉండాలి, అబద్ధమైనా ఆడుతుండాలనీ అనేవాడు. ఒకటి రెండు నిండుగా వస్తే అదృష్టం అనుకోవచ్చు. నూట నలభై మూడు చూసి మొగిలిచారికి అనుమానం రాలేదంటే నమ్మడానికి వకుళ ఆయన కూతురు కాకుండా ఉండాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన ఇంటి దొంగ కూడా కాదు, ఆమె తాళం చెవి ఇచ్చి కాపలా పెట్టుకున్న మనిషి. వకుళ ఫైళ్ళ ముందే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి మొగిలిచారి వరండాలో కూర్చుని కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. అండాలమ్మ లోపల పప్పు మెత్తగా మెదుపుకుంటోంది. వకుళ చెప్పులు కూడా విప్పలేదు.

"నీకెప్పుడు ఎరుకైంది నాయినా?"

ఆయన ఏమిటని అడగలేదు. గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"దసరా అయిన నెలల్నే."

"మరి అమ్మ దవడ?"

"అది గూడ ఎరుకే."

తర్వాత ఆయన చాలాసేపు చెప్పాడు. నిండు నీలం చూసి ముందు కిషన్‌రావునే అడిగాననీ, నీ బిడ్డకు చెబితే పని ఆపేస్తుంది, ఆపితే ఆమె మూడేళ్ళ కష్టం మూలన పడుతుంది అని సారు అన్నాడనీ చెప్పాడు. ఎరుపు వచ్చిన రోజుల్లో నీ ముఖం చూడలేకపోయేవాడిని, పచ్చ వచ్చినప్పటి నుంచి నువ్వు ఎంత సంబరంగా ఉన్నావో నీకేం తెలుసు, అన్నాడు. ఆ తర్వాత భార్య స్కాన్ వచ్చింది. నీడ కాదంటే ఆమె కాలి ఎముక తీస్తారు. కాలు పోతే బస్సులో నిలబడలేదు, బస్సెక్కకపోతే ఆ మనిషి బతకలేదు.

"రెండు మిల్లీమీటర్ల సందు, బిడ్డా. ఎముక సర్దుకుంటది అనుకున్న. మనిషి అన్నంక సర్దుకోడా?"

 ఆయన కిషన్‌రావు కోసం అబద్ధమాడి ఉంటే వకుళ తిట్టి పోసేది, ఆ తిట్లతో కొంత బరువైనా దిగేది. తన ముఖంలో సంతోషం చూడటం కోసం ఆయన నూట నలభై మూడు ముఖాలు పాడు కానిచ్చాడు. ఆ సంతోషం ఎంగిలిదని తెలిశాక దాన్ని ఎక్కడ ఉమ్మాలో ఆమెకు తెలియలేదు. తండ్రి మీద అసహ్యం వేసింది, ఆ అసహ్యం మీద మళ్ళీ ఏడుపు వచ్చింది.

గుమ్మంలో అండాలమ్మ పప్పు గిన్నెతో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు.

"ఇరవై రెండేండ్లు జనాన్ని సర్దుకోండ్రి, సర్దుకోండ్రి అంటనే బతికిన," అంది. "నా ఎముకకు గూడ అదే మాట చెప్తివా? కాలు పోతదో నోరు పోతదో నన్నొక్క మాట అడిగితే ఏం పోయిందయ్యా నీకు?"

 ఆమె ఆ గిన్నె ఆయన ముందే పెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో ఎవరి కంచం వాళ్ళే కడుక్కున్నారు. అండాలమ్మ పొద్దున్నే డ్యూటీకి పోయేది, వచ్చి పడుకునేది. అద్దం ముందు వేళ్ళు పెట్టుకోవడం మానేసింది.

వకుళ డాక్టరమ్మకు అంతా చెప్పింది. ఆవిడ ముఖం తెల్లబోయి, కాసేపటికి కోపంతో ఎర్రబడింది. దసరా తర్వాత ఆపరేషన్ అయిన వాళ్ళందరినీ విడతలు విడతలుగా పిలిచి నిజం చెప్పాలనీ, మొదటి విడత శనివారమే అనీ, ప్రోగ్రాం రాసిన మనిషే వచ్చి చెప్పాలనీ అంది. వకుళ ఒప్పుకుంది. కిషన్‌రావు ఫోను చేసి, కాగితాల మీద సంతకం నాది కాదు, మీ నాయినది, ఆలోచించుకో అన్నాడు. శుక్రవారం పొద్దున మొగిలిచారి కూతురు చెప్పులు వేసుకునేదాకా ఆగి, గుమ్మం పక్కన నిలబడి, నన్ను తిట్టుకో, కొట్టు, నలుగురిలో నా పేరు మాత్రం తీయకు బిడ్డా అని అడిగాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్క ముక్క తప్పని కూడా అనిపించుకోలేదు. బాలానగర్‌లో చారి నీలం అంటే నమ్మకానికి ఇంకో పేరు. వకుళ మాట ఇవ్వకుండానే గడప దాటింది.

శనివారం హాల్లో ముప్పై ఎనిమిది మంది వచ్చారు. అండాలమ్మ మొదటి వరసలో కూర్చుంది. మొగిలిచారి ఎందుకు వచ్చాడో తెలియదు గానీ వచ్చాడు. చివరి వరసలో తలుపు పక్కన, ఎవరి చుట్టమో అన్నట్టు, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

వకుళ చెంబూ టార్చీ తెచ్చుకుంది. నీడ అంటే ఏమిటో చూపించింది. ఎరుపు అంటే ఏమిటో, ఎరుపును పచ్చ చేసే మీట ఎవరు రాశారో, అది తనే అనీ చెప్పింది. నొక్కింది యజమాని అని చెప్పింది. మీ ఎముకకు తగ్గ ముక్క మీకు రాలేదు, మీకు ముందు వచ్చిన మనిషి ముక్క వైపు జరిగిన ముక్క వచ్చింది అని చెప్పింది. ఎవరికి మళ్ళీ ఆపరేషన్ కావాలో, ఎవరికి కాలి ఎముక తీయక తప్పదో డాక్టరమ్మ ఒక్కొక్కరికీ విడిగా చెబుతుందంది. ఎవరూ అరవలేదు. ఇంటర్ పిల్ల చున్నీ తీసేసి పక్కవాళ్ళ ముఖాలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయింది. లెక్కల మాస్టారు చుబుకం మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయాడు.

లారీ డ్రైవరు లేచాడు. రాసినామె తప్పు చేసింది, నొక్కినాయన మోసం చేశాడు, సరే. మా దాకా రాకముందు దాన్ని పరీక్ష చేసే మనిషి ఉంటాడు కదా. బండి రోడ్డెక్కే ముందు బ్రేకు చూసేవాడు ఒకడుంటాడు, అన్నాడు.

"ఆ మనిషి ఎవరు మేడమ్?" అని అడిగాడు.

వకుళ నోరు తెరిచింది. పేరు నాలుక చివరనే ఉంది. చివరి వరసలో తండ్రి నేల చూస్తూ కూర్చున్నాడు. ఆయన లేస్తాడని ఆమె ఎదురుచూసింది. ఆయన లేవలేదు. తను చెప్పాలని చూసింది, చెప్పలేకపోయింది. డాక్టరమ్మ ఆమె వైపు చూసింది, హాలంతా ఆమె వైపు చూసింది.

మొదటి వరసలో అండాలమ్మ లేచి, అందరి వైపూ తిరిగి నిలబడింది. రెండు వేళ్ళు పట్టే నోటిని పట్టినంత మేరా తెరిచి, చెవి దగ్గర టక్కుమన్నా ఆగకుండా, బస్సు వెనక మెట్టు మీద నిలబడినట్టే పలికింది.

"ఆ తలుపు పక్కన గూసున్నాయన. నా పెనిమిటి."

ముప్పై ఎనిమిది మంది ఒక్కసారే వెనక్కి తిరిగారు. మొగిలిచారి తలెత్తాడు. హాల్లో ఎటు చూసినా ఆయనకు అండాలమ్మ దవడే కనిపించింది.